తెలుగు టైపింగ్‌కి, జూమ్ క్లాసులకి 18 వేలలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, ఏది తీసుకోమంటారు?

గ్రీమ్స్‌పేట టీచర్:

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. ఇంట్లోనే ఎనిమిది నుంచి పదో తరగతి దాకా పిల్లలకి తెలుగు, సోషల్ ట్యూషన్లు చెప్తాను. ఇన్నాళ్ళూ మా తమ్ముడు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌తో నెట్టుకొచ్చాను. పోయిన నెల దాని స్క్రీన్ మీద ఒక పక్కన నిలువు గీతలు మొదలయ్యాయి, ఇప్పుడు సగం తెర తెల్లగా ఉంటుంది. రిపేరుకి అడిగితే కొత్త స్క్రీన్‌కి పెట్టే డబ్బు అమ్మితే కూడా రాదమ్మా అన్నారు. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు, జూన్‌లో పాపకి ఇంటర్ ఫీజు కట్టాలి. అందుకే సెకండ్ హ్యాండ్.

నా పని పెద్దదేం కాదు. వారానికి రెండు ప్రశ్నపత్రాలు తెలుగులో టైప్ చేసుకుని ప్రింట్‌కి ఇవ్వాలి, సాయంత్రం పలమనేరులో ఉన్న నలుగురు పిల్లలకి గంటసేపు జూమ్‌లో పాఠం, రాత్రి మా ఆయన పాల లెక్కలు ఎక్సెల్‌లో ఎక్కించుకుంటారు. గేములు లేవు, సినిమాలు టీవీలోనే. ఒక్క చిక్కు ఏమిటంటే, ఆరేడేళ్ళ పాత ప్రశ్నపత్రాలన్నీ అను అనే తెలుగు ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో (పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్) ఉన్నాయి. అవి తెరుచుకోకపోతే నాకు ల్యాప్‌టాప్ ఉన్నా లేనట్టే.

మొన్న ఆదివారం పద్మావతి అమ్మవారి దర్శనానికి తిరుచానూరు వెళ్ళినప్పుడు అట్నుంచి అటే తిరుపతిలో ఒక షాపులో మూడు చూశాను. ఒకటి ఐ7, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, 13,500. రెండోది డెల్ లాటిట్యూడ్ 7490, ఐ5, 8 జీబీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 17,000. మూడోది లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, అదీ ఐ5, అదే 8, అదే 256, 18,500. షాపాయన ఐ7నే తీసుకోమన్నాడు, "ఐ5 కంటే ఐ7 పెద్దది కదా మేడమ్, పైగా చవక" అని. పెద్దది చవగ్గా ఎందుకిస్తున్నాడో నాకు అర్థం కాలేదు, అడగడానికి మొహమాటం వేసింది. మీలో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత ఇనుము:

అక్కా, ఆ అనుమానం వచ్చింది కాబట్టి సగం డబ్బులు మిగిలినట్టే. నేను తిరుపతిలోనే రిపేర్లు చేస్తాను (ఆ షాపు నాది కాదు, ఎవరిదో కూడా అడగను).

ఐ7, ఐ5 అన్న అంకె ఒక్కటే చూసి కొనకూడదు, దాని పక్కన గీత తర్వాత వచ్చే నంబర్ చూడాలి. ఆ 13,500 దాని కింద స్టిక్కర్ మీదో సిస్టమ్ సెట్టింగ్స్‌లోనో ఐ7-4600యూ అనో అలాంటిదే ఏదో ఉంటుంది. ఆ మొదటి 4 అంటే నాలుగో జనరేషన్, 2013 నాటి సరుకు. దాంట్లో రెండే కోర్లు, అంటే పనిచేసే చేతులు రెండే అనుకోండి. మీరు చూసిన మిగతా రెండూ ఐ5-8250యూ లేదా 8350యూ అయ్యుంటాయి, ఎనిమిదో జనరేషన్, వాటిలో నాలుగు కోర్లు. పేరు ఐ7 అయినా పనిలో ఈ ఐ5 ముందు అది నిలబడదు. పైగా దాంట్లో ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్, మిగతా రెండిట్లో ఉన్న ఎస్‌ఎస్‌డీలా చకచకా నడవదు, ఆన్ చేసి మీరు పాలు కాచుకుని వచ్చేలోపు కూడా తెరుచుకోదు.

ఇంకో సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే. నాలుగు, ఆరు, ఏడు జనరేషన్ల వాటిలో కూడా అడ్డదారిలో 11 వేసి "లేటెస్ట్ విండోస్ సార్" అని అమ్ముతున్నారు, అది నడుస్తుంది కానీ రేపు ఏ అప్‌డేట్ దగ్గర ఆగుతుందో పూచీ లేదు. కాబట్టి మొదటిది మర్చిపోండి. లాటిట్యూడ్, థింక్‌ప్యాడ్ రెండూ ఆఫీసుల కోసం చేసినవి, రెండిట్లోనూ ర్యామ్ స్లాట్లు రెండు ఉంటాయి, ఎప్పుడైనా ఇంకో 8 జీబీ వేసుకోవచ్చు. ఏది మంచిదంటే నేను పేరు చూసి చెప్పను, ఆ ఫలానా పీస్ చూసి చెప్పాలి. ఒకే మోడల్ రెండు తెచ్చినా ఒకటి ఎవరో మేనేజర్ టేబుల్ మీద కదలకుండా ఉండుంటుంది, ఇంకోటి కాల్ సెంటర్‌లో మూడు షిఫ్టులు నడిచుంటుంది.

ఈసారి వెళ్ళినప్పుడు మొహమాటం ఇంట్లో పెట్టి వెళ్ళండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక స్పేస్ వదిలి, స్లాష్ వేసి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి (powercfg /batteryreport). ఒక పేజీ తయారవుతుంది, ఎక్కడ పెట్టిందో అదే చెబుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొత్తలో ఎంత పట్టేది, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడెంత పడుతోంది. రెండోది మొదటిదాంట్లో సగం కంటే తక్కువుంటే బ్యాటరీ మార్చి ఇవ్వమనండి, లేదా ఆ డబ్బు తగ్గించమనండి. "బ్యాటరీ నాలుగు గంటలొస్తుంది" అనే మాట మాత్రం నమ్మొద్దు, ఆ నాలుగు గంటలు ఎవరూ చూడలేదు.

ఛార్జర్ కూడా అదే ల్యాప్‌టాప్‌దా కాదా చూడండి. డెల్ గుండ్రటి పిన్ ఛార్జర్లలో నడిమధ్య సన్నటి సూదిలాంటిది ఉంటుంది, ల్యాప్‌టాప్ దాని ద్వారానే ఛార్జర్‌ని గుర్తుపడుతుంది. డూప్లికేట్ ఇస్తే గుర్తుపట్టకపోవచ్చు, అప్పుడు బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ కూడా స్పీడ్ తగ్గించుకుంటుంది. ఇలాంటివి నా దగ్గరికి "స్లో అయింది, ఫార్మాట్ చెయ్యండి" అని వస్తాయి. ఛార్జర్ మారిస్తే చాలు. టీ480 మాత్రం టైప్-సి ఛార్జర్‌తోనే ఎక్కుతుంది, పక్కపక్కన రెండు టైప్-సి రంధ్రాలుంటాయి, రెండిట్లోనూ పెట్టి కొంచెం కదిపి చూడండి, లూజుగా ఉంటే వద్దనండి.

కరకంబాడి రోడ్డు:

ఇదంతా ఎందుకబ్బా, ఇంకో ఎనిమిది వేలు వేసుకుంటే ఈఎంఐలో కొత్తదే వస్తుంది, వారంటీతో సహా.

పాత ఇనుము:

వస్తుంది అన్నా, ఏది వస్తుందో అది కూడా చెప్పు. సెలెరాన్ అనే చవక రకం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచుకోవడానికి లేదు. వారంటీ ఏడాది ఉంటుంది, జూమ్ తెరిచి పక్కన క్రోమ్ తెరిస్తే రెండో రోజే ఏడుపొస్తుంది. 18 వేలకి మంచి పాత ఐ5 దొరుకుతుంటే అప్పు చేసి అది కొనడం దేనికి? ఆ అక్క బడ్జెట్ చెప్పింది, ఫీజు సంగతి కూడా చెప్పింది.

హాస్టల్ రూమ్ 14:

మేడమ్, నేను ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ. అందరూ 8వ జనరేషన్ అంటున్నారు కానీ ఆ 13,500 దాన్ని పదకొండుకి బేరమాడి, హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేసుకుని, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఫ్రీ సిస్టమ్ వేస్తే అద్భుతంగా పనిచేస్తుంది. నాది ఇంకా పాతది, మూడో జనరేషన్, నేను ప్రాజెక్ట్ మొత్తం దాని మీదే చేశాను. వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రేఆఫీస్ ఫ్రీ, జూమ్ ఉంది, వైరస్ గొడవ లేదు, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ అందులోనే వస్తుంది. మిగిలిన డబ్బుతో ఒక మంచి హెడ్‌సెట్ కొనుక్కోండి, ఆన్‌లైన్ క్లాసుకి మంచి ప్రాసెసర్ కంటే అదే ముఖ్యం, పిల్లలకి మీ గొంతు వినపడాలి కదా.

డీటీపీ మామ:

హెడ్‌సెట్ మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. లినక్స్ మాట మాత్రం ఆ అమ్మకి పనికిరాదు నాయనా. ఆమె ఏం రాసిందో మళ్ళీ చదువు, ఆరేడేళ్ళ పేపర్లు అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో ఉన్నాయంది. పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్ రెండూ విండోస్ సరుకు. లినక్స్‌లో వాటిని నడిపించే దారులు ఉన్నాయని నువ్వు అంటావు, ఉండొచ్చు, రాత్రి తొమ్మిదింటికి రేపటి పేపర్ టైప్ చేసుకునే మనిషికి ఆ దారులు చూపించకు.

అమ్మా, మీకు ఒకటి విడమరిచి చెప్తాను, చాలామంది టీచర్లకి ఇది తెలియక అవస్థ పడుతున్నారు. అను ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. అంటే ఫైల్లో నిజానికి ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే, ఆ ఫాంట్ వాటికి తెలుగు వేషం వేస్తుంది అంతే. అందుకే ఆ మేటర్ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చిపిచ్చి గుర్తులు వస్తాయి. మీరు కొత్త ల్యాప్‌టాప్‌లో వర్డ్ తెరిచి, విండోస్‌తో వచ్చే తెలుగు కీబోర్డ్ పెట్టుకుని కొడితే అది యూనికోడ్, ఫోన్లో కూడా తెలుగే కనపడుతుంది, గూగుల్ ఫామ్‌లో పెట్టినా కనపడుతుంది.

నేను చిత్తూరులో ఇరవై ఏళ్ళుగా డీటీపీ చేస్తున్నా, పెళ్ళి పత్రికలు, కరపత్రాలు ఇప్పటికీ అనులోనే కొడతా, చేతికి అనులో ఉండే యాపిల్ అనే కీబోర్డ్ అమరిక అలవాటైపోయింది, ప్రెస్సువాళ్ళకీ అదే కావాలి. కానీ మీది ప్రశ్నపత్రాలు. పాతవి తెరవడానికి అను, పేజ్‌మేకర్ వేసి ఉంచుకోండి, కొత్తవి మాత్రం ఈ ఏడాది నుంచి యూనికోడ్‌లో మొదలుపెట్టండి. అను మేటర్‌ని యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి, అయితే మార్చాక ఒత్తులు ఒకసారి కళ్ళతో చదువుకోవాలి, పిల్లలకి ఇచ్చే పేపర్ కదా. పేజ్‌మేకర్ మా కుర్రాడి దగ్గర విండోస్ 11లో కంపాటిబిలిటీ మోడ్ పెట్టి నడుపుతున్నాం. ఏదైనా కొనేముందు మీ పాత ఫైళ్ళు రెండు పెన్ డ్రైవ్‌లో వేసుకోండి, పాత ల్యాప్‌టాప్ తెర పూర్తిగా పోయేలోపే ఆ పని చెయ్యండి.

హాస్టల్ రూమ్ 14:

నిజమే అంకుల్, అను సంగతి గమనించలేదు. వెనక్కి తీసుకుంటున్నా. హెడ్‌సెట్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

రేణిగుంట బ్యాచ్:

నేను పడ్డ దెబ్బ చెప్తా, ఇంకొకరికి జరగకూడదని. పోయిన సంవత్సరం వేరే ఊళ్ళో ఒక షాపు నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించా. వచ్చింది, మెరుస్తూ ఉంది, రెండు నెలలు బాగా పనిచేసింది. తర్వాత ఏదో స్లో అయిందని నేనే రీసెట్ కొట్టా. మళ్ళీ మొదలై వైఫై కలపగానే తెర మీద ఒక విదేశీ కంపెనీ పేరు వచ్చి, "మీ ఆఫీస్ ఈమెయిల్‌తో లాగిన్ అవ్వండి" అంది. నాకు ఆ కంపెనీ ఏ దేశంలో ఉందో కూడా తెలియదు! దాని పేరు ఆటోపైలట్ అని తర్వాత తెలిసింది. పాత కంపెనీవాళ్ళు తమ లిస్టులోంచి ఆ ల్యాప్‌టాప్‌ని తీసెయ్యకుండానే వదిలేస్తే ఇలా అవుతుంది. విండోస్ మళ్ళీ వేసినా పోదు, ఎందుకంటే ఆ రిజిస్ట్రేషన్ ల్యాప్‌టాప్‌లో ఉండదు, మైక్రోసాఫ్ట్ దగ్గర ఉంటుంది. అమ్మినవాడు నెట్ కలపకుండా సెటప్ చేసి అంటగట్టాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు, టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు, అప్పుడే మా ఆఫీస్ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఒకటి ఉండింది, చివరికి ఫోన్లోనే కానిచ్చా.

కాబట్టి షాపులోనే, మీ ముందే రీసెట్ కొట్టించండి. అరగంట పైనే పడుతుంది, పట్టనీ, బయట టీ తాగి రండి. తర్వాత మీ ఫోన్ హాట్‌స్పాట్ కలపండి. మామూలుగా పేరు, దేశం, కీబోర్డ్ అడిగి మీ సొంత అకౌంట్ అడిగితే సరే. కంపెనీ పేరు కనపడితే దణ్ణం పెట్టి వచ్చేయండి.

పాత ఇనుము:

చాలా మంచి పాయింట్, నేను రాయడం మర్చిపోయా. దాంతోపాటు బయోస్ (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్) కూడా తెరిచి చూడండి, లెనోవోకి ఆన్ అవుతుండగా ఎఫ్1, డెల్‌కి ఎఫ్2. పాస్‌వర్డ్ అడిగితే దాన్ని తీసి ఇవ్వమనండి, తీయలేకపోతే వద్దు. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి పోతే వెయ్యో రెండు వేలో తగ్గొచ్చు, కొంతమంది అలాగే పోతారు. తేడా వస్తే మళ్ళీ రైలెక్కాలి కదా, అందుకే నేను దగ్గర్లోనే కొనమంటాను. ఇంకొకటి, ఇవి చాలావరకు విదేశాల నుంచి లాట్లుగా వచ్చినవి, కీబోర్డ్ ఏ దేశానిదో చూడండి.

గ్రీమ్స్‌పేట టీచర్:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న బుధవారం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. రెండు గంటలు ఆ షాపులోనే ఉన్నాం, షాపాయన మొదట విసుక్కున్నాడు, బ్యాటరీ రిపోర్ట్ కొట్టేసరికి ఆయనే స్టూల్ తెచ్చి వేశాడు.

లాటిట్యూడ్‌కి డిజైన్ 60,000 చిల్లర ఉంటే ఫుల్ ఛార్జ్ 38,000 చూపించింది. అది పర్వాలేదు అనుకున్నాం. కానీ కీబోర్డ్ దగ్గర ఆగిపోయాను. మీరు చెప్పినట్టు చూస్తే అది జర్మనీదట, వై ఉండాల్సిన చోట జెడ్, జెడ్ చోట వై అచ్చయి ఉన్నాయి. తమ్ముడు సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చులే, పైన స్టిక్కర్లు అంటిద్దాం అన్నాడు. అసలు సమస్య అది కాదు. ఎడమ పక్క షిఫ్ట్ చూశారా, దాన్ని సగానికి కోసి పక్కన ఇంకో బటన్ దూర్చారు. తెలుగు టైపింగ్‌లో షిఫ్ట్ లేనిదే ముందుకి పోదు కదా, ఇన్‌స్క్రిప్ట్‌లో కె కొడితే క, షిఫ్ట్‌తో కె కొడితే ఖ, అలాగే గ, ఘ, త, థ, ద, ధ అన్నీ. నోట్‌ప్యాడ్‌లో "ధర్మఘంట" అని కొట్టి చూశా, మూడుసార్లూ చిటికెన వేలు ఆ పక్క బటన్ మీదే పడి మధ్యలో ఏదో గుర్తు వచ్చింది. రోజూ దాంతో వేగలేను, వద్దన్నాను.

థింక్‌ప్యాడ్‌కి మామూలు కీబోర్డే ఉంది. రిపోర్ట్‌లో రెండు బ్యాటరీలు చూపిస్తే మేం కంగారుపడ్డాం, తర్వాత తెలిసింది టీ480కి లోపల ఒకటి, బయట తీసిపెట్టేది ఒకటి ఉంటాయని. రెండిటి డిజైన్ కెపాసిటీ 24,000వే. లోపలిది 19,000 పట్టుతోంది, బయటిది 9,000కి పడిపోయింది. తమ్ముడు అది చూపించాడు. షాపాయన ఏం మాట్లాడకుండా లోపలికి వెళ్ళి ఇంకో బ్యాటరీ తెచ్చి తగిలించాడు, అది 21,000. రీసెట్ కొట్టించి ఎదురుగా టిఫిన్ సెంటర్‌లో కాఫీ తాగి వచ్చాం, హాట్‌స్పాట్ కలిపితే ఏ కంపెనీ పేరూ రాలేదు. బయోస్‌కి పాస్‌వర్డ్ లేదు. కెమెరా మాత్రం కొంచెం మసకగా ఉంది, సాయంత్రం లైటు ముందు కూర్చుంటే సరిపోతుంది. మూత మీద ఎవరిదో ఆస్తి నంబర్ స్టిక్కర్ గీకేసిన మచ్చ ఉంది, అది చూపించి 17,500కి అడిగితే ఇచ్చాడు, బిల్లు మీద మూడు నెలల వారంటీ, సీరియల్ నంబర్ రాయించుకున్నాం.

రాత్రి పేజ్‌మేకర్ వేసి 2019 అర్ధసంవత్సర పరీక్ష పేపర్ తెరిస్తే అక్షరం చెదరకుండా వచ్చింది. అంకుల్, కొత్తది యూనికోడ్‌లో మొదలుపెట్టాను, పావు పేజీకి గంట పట్టింది, నవ్వకండి.

ఒక్క డౌట్. కీబోర్డ్ నడుమ ఎర్రగా ఒక బొట్టు ఉంది, మా పాప దాన్ని గోకుతూనే ఉంది. అదేమిటి, ఊడిపోతే ఏమైనా అవుతుందా?

పాత ఇనుము:

అది మౌస్ అక్కా. వేలితో ఎటు నెడితే బాణం అటు పోతుంది. దాని కింద టచ్‌ప్యాడ్ పైన మూడు బటన్లుంటాయి, నడిమిది నొక్కి పట్టుకుని బొట్టుని కిందికి నెడితే పేజీ జరుగుతుంది, ఎక్సెల్‌లో పాల లెక్కలకి బాగుంటుంది. పైనున్న రబ్బరు టోపీ ఊడినా ఏం కాదు, కొత్తది విడిగా దొరుకుతుంది. పాపని గోకొద్దనండి, అంతే.

డీటీపీ మామ:

పావు పేజీకి గంట అంటే బాగానే కొట్టారు. నాకు మొదటి రోజు "శ్రీరస్తు" కొట్టడానికే పూట పట్టింది.